సీజన్ ముందు అంచనాలకి కెన్‌పామ్: ఒక నెల్లూరు పీడీ మాట

కాలేజీ జట్లకి ఆట నేర్పే పీడీలూ, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసే పిల్లలూ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ కెన్‌పామ్ వెబ్‌సైటుకి డబ్బు కట్టడం దండగ కదా మేడం?" దండగ కాదు. సీజన్ మొదలవకముందు ఏ జట్టు మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో, మొదలయ్యాక ఆ ఆశని ఎట్టా సరిదిద్దుకుంటూ పోవాలో ఇంత నిజాయితీగా చూపించే చోటు నాకు ఇంకోటి దొరకలేదు. నేను నెల్లూరులో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. ఏడాదికోసారి విశ్వవిద్యాలయం అంతర కళాశాలల పోటీలకి జట్టుని తీసుకుపోవడం నా పని. కాబట్టి ఈ సమీక్ష టీవీ ముందు కూర్చుని చూసేవాళ్లకి కొంత, కోర్టు పక్కన విజిల్ పట్టుకుని నిలబడేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

కెన్‌పామ్ అంటే కెన్ పామరాయ్ అనే ఆయన నడిపే వెబ్‌సైటు. అక్కడ పైస్థాయిలో, అంటే డివిజన్ వన్‌లో, ఆడే కాలేజీల పురుషుల జట్లు 360కి పైగా ఉన్నాయి. ఆ ప్రతి జట్టుకీ ఒక నంబరు ఇచ్చి, పైనుంచి కిందిదాకా వరసలో పెడతాడు. మొదటి పేజీలోని ఆ పట్టిక ఎవరైనా ఊరికే చూడొచ్చు. జట్టు పేరు నొక్కి లోపలికి పోవాలంటే చందా కట్టాలి. నేను కట్టినప్పుడు ఏడాదికి పాతిక డాలర్ల లోపే ఉంది. మన డబ్బులో చెప్పాలంటే ఒక మంచి బంతి ధర. కార్డుతో కట్టేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో చూసుకోండి. 2020 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆపేసి ఇస్తారు. పట్టికలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఫోన్ పక్కన పెట్టి, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పెద్ద తెర మీద చూస్తే కళ్లకి హాయి.

ఇక అసలు సంగతి, ఆ నంబరు. ఆ జట్టు ఎన్ని మ్యాచులు గెలిచిందన్నది అది చెప్పదు. సగటు డివిజన్ వన్ జట్టుతో వంద పొసెషన్లు ఆడితే ఎన్ని పాయింట్ల తేడా ఉంటుందో చెబుతుంది. పొసెషన్ అంటే బంతి మన చేతికి వచ్చినప్పటి నుంచి అవతలివాళ్ల చేతికి పోయేదాకా. ఈ ఒక్క ముక్క ఒంటబడితే బాస్కెట్‌బాల్ చూసే తీరే మారిపోతుంది. మన దగ్గర "మా జట్టు డిఫెన్స్ బ్రహ్మాండం, అవతలివాళ్లని నలభై దాటనివ్వలేదు" అంటారు. నెమ్మదిగా ఆడితే ఎవరైనా నలభై దాటనివ్వరు, ఎందుకంటే అవతలివాళ్లకి బంతి దొరికిందే తక్కువసార్లు. వర్జీనియా జట్టు కోచ్ టోనీ బెనెట్ దగ్గర ఏళ్ల తరబడి దేశంలోనే అందరికన్నా నెమ్మదిగా ఆడే జట్లలో ఒకటిగా ఉండేది. మ్యాచుకి ఎన్ని పాయింట్లు ఇచ్చారన్న లెక్క ఒక్కటే చూస్తే ఆ జట్టు డిఫెన్స్‌ని ఎక్కువ చేసి, అటాక్‌ని తక్కువ చేసి చూస్తాం. వంద పొసెషన్ల లెక్కలో చూస్తే రెండూ ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. ఆ జట్టే 2018లో, మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటులో, తన గుంపులో అట్టడుగు ర్యాంకుతో (పదహారో సీడ్‌గా) వచ్చిన యూఎంబీసీ అనే కాలేజీ చేతిలో 74-54తో చిత్తుగా ఓడి, ఆ మరుసటి ఏడాది 2019లో టెక్సాస్ టెక్ మీద ఓవర్‌టైమ్‌లో 85-77తో గెలిచి ఛాంపియన్ అయింది. ఒక్క రాత్రి ఫలితం చూసి జట్టుని తీసిపారేయకూడదని మా పిల్లలకి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఎత్తేది ఈ రెండేళ్ల కథే.

పొసెషన్లు ఎట్టా లెక్కబెట్టాలో చెబుతాను. దీనికి చందా అక్కర్లేదు, స్కోర్‌షీటూ కాలిక్యులేటరూ చాలు. వేసిన షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు (మన షాటు తప్పితే మళ్లీ మనమే పట్టుకున్న బంతులు) తీసేసి, టర్నోవర్లు (షాటు వేయకుండానే పోగొట్టుకున్న బంతులు) కలిపి, ఫౌల్‌కి వచ్చే ఫ్రీ త్రోలని 0.475తో గుణించి అది కూడా కలపాలి. ఫ్రీ త్రోలన్నీ రెండేసి చొప్పునే రావు, బాస్కెట్ పడ్డాక వచ్చే ఒంటి త్రోలూ ఉంటాయి, అందుకే సగం కన్నా కాస్త తక్కువ. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక జట్టు 62 షాట్లు వేసింది, 12 ఆఫెన్సివ్ రీబౌండ్లు పట్టింది, 22 టర్నోవర్లు చేసింది, 16 ఫ్రీ త్రోలు వేసింది. 62లో 12 తీసేస్తే 50. 22 కలిపితే 72. ఫ్రీ త్రోల వాటా 7.6. మొత్తం 79.6 పొసెషన్లు. ఆ జట్టు స్కోరు 52 అనుకుంటే వంద పొసెషన్లకి 65 పాయింట్లు. బోర్డు మీద 52 అన్న అంకె చూసి "షూటింగ్ బాగాలేదు" అంటాం కదా, లోపలికి పోతే 79.6లో 22 సార్లు అసలు షాటే వేయకుండా బంతి పోగొట్టుకున్నారు. వందకి 27 పైమాటే. ముందు బాగుచేయాల్సింది అక్కడ.

కెన్‌పామ్ లోపలి పేజీల్లో ప్రతి జట్టుకీ ఇదే నాలుగు ముక్కలుగా విడగొట్టి ఉంటుంది: షూటింగ్, టర్నోవర్లు, ఆఫెన్సివ్ రీబౌండ్లు, ఫ్రీ త్రో లైను దాకా ఎన్నిసార్లు పోగలిగారన్నది. ఈ నాలుగింటినీ పద్ధతిగా విడగొట్టి చూపించింది బాస్కెట్‌బాల్ లెక్కల నిపుణుడు డీన్ ఆలివర్. షూటింగ్ లెక్కలో మూడు పాయింట్ల బాస్కెట్‌ని ఒకటిన్నరగా ఎంచుతారు. దూరం నుంచి వేసేవాళ్ల శాతం తక్కువ కనబడినంత మాత్రాన వాళ్లకి అన్యాయం జరగకుండా ఉండటానికది. మనవాళ్లు ఇప్పటికీ మూడు పాయింట్ల షాటు వేసి తప్పిపోయిన పిల్లని కసురుతారు. మూడింటిలో ఒకటి పడితే, రెండు పాయింట్ల షాట్లలో సగం వేసిన పిల్లతో సమానం. ఈ మాట చెప్పి ఒప్పించడానికి నాకు ఇంతకన్నా మంచి ఆధారం దొరకలేదు.

ఇప్పుడు సీజన్ ముందు అంచనాల దగ్గరికి వద్దాం. చందా విలువంతా నాకు కనబడేది ఇక్కడే. అక్టోబరులో, ఒక్క మ్యాచు కూడా ఆడకముందు, పట్టిక కొత్త సంవత్సరానికి మారుతుంది. పోయిన సీజన్లలో ఆ జట్టు ఎట్టా ఆడింది, పాతవాళ్లలో ఎవరు మిగిలారు, వేరే కాలేజీ నుంచి ఎవరు వచ్చారు, కొత్తగా చేరిన పిల్లల్లో పేరున్నవాళ్లు ఎవరు అన్నవి ఆ అంచనాలోకి పోతాయి. నవంబరు మొదట్లో ఆటలు మొదలవుతాయి. వాళ్లకి సాయంత్రం ఏడు గంటల మ్యాచు మనకి మరుసటి ఉదయం అయిదున్నర. నేను కాలేజీ గేటు తీయించి కోర్టు ఊడిపించే వేళ. ఆ రోజు ఫలితాలు వస్తాయి, పట్టిక కొద్దిగా కదులుతుంది. కొద్దిగా మాత్రమే. మొదటి వారం ఒక జట్టు ముప్పై పాయింట్లతో గెలిచినా అది ఎగిరి మొదటి స్థానంలోకి పోదు, ఎందుకంటే సీజన్ ముందు వేసిన అంచనాకి ఇంకా బరువుంటుంది. మ్యాచులు పెరిగేకొద్దీ ఆ బరువు తగ్గుతూ పోతుంది, కోర్టు మీద ఆడిన ఆటే లెక్కలోకొస్తుంది.

పామరాయ్ చదువుకుందీ, అమెరికా జాతీయ వాతావరణ సంస్థలో ఉద్యోగం చేసిందీ వాతావరణ శాస్త్రంలో అని తెలిశాక ఈ పద్ధతి నాకు బాగా అర్థమైంది. మన నెల్లూరోళ్లకి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిన రోజు తీరం ఎక్కడ దాటుతుందో గీసే గీత వెడల్పుగా ఉంటుంది, చెన్నై నుంచి ఒంగోలు దాకా ఎక్కడైనా కావచ్చు. రోజు రోజుకీ ఆ గీత సన్నబడుతుంది. మొదటి రోజు గీత వెడల్పుగా ఉందని వాతావరణ శాఖని ఎవరూ తిట్టరు, అట్టాగని దాన్ని పట్టించుకోకుండా పడవ సముద్రంలోకి వదలరు. అక్టోబరు నాటి కెన్‌పామ్ పట్టికని నేను అట్టా చదువుతాను. ఒకటో స్థానానికీ ఆరో స్థానానికీ తేడా పట్టించుకోను. పదో స్థానానికీ యాభయ్యో స్థానానికీ ఉన్న తేడాని నమ్ముతాను.

దీని పక్కన ఏపీ, అంటే అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తాసంస్థ, సీజన్ ముందు ఇచ్చే మొదటి పాతిక జట్ల జాబితాని పెట్టి చూడండి. అది ఉచితం, పేపర్లలో వచ్చేదీ, అందరూ మాట్లాడుకునేదీ అదే. అరవై మందికి పైగా విలేఖరులు ఓటేస్తారు, మొదటి స్థానానికి పాతిక పాయింట్లు, పాతికో స్థానానికి ఒకటి. వాళ్లు ఆట తెలిసినవాళ్లే. కానీ 2008-09లో నార్త్ కరొలైనా అందులో మొదటి స్థానంతో సీజన్ మొదలుపెట్టి ఛాంపియన్‌షిప్ గెలిచిన తర్వాత, 2024-25 దాకా అట్టా మొదటి స్థానంతో మొదలైన ఒక్క జట్టు కూడా చివర కప్పు ఎత్తలేదు. దీన్ని నేను విలేఖరుల తప్పుగా చూడను. అరవైకి పైగా జట్లుండి, ఒక్క మ్యాచు ఓడితే ఇంటికి పోయే పోటీలో, ఎంత మంచి జట్టయినా గెలిచే అవకాశం ఓడే అవకాశం కన్నా తక్కువే. కానీ మన మనసు "మొదటి ర్యాంకు" అన్న మాట వినగానే "కప్పు మనదే" అని చదువుకుంటుంది. కోచ్‌ల మీద పడే బరువంతా అక్కడ మొదలవుతుంది.

మా అక్క కొడుకు ఎమ్మెస్ చేసింది కాన్సస్ యూనివర్సిటీలో, లారెన్స్ ఊళ్లో. వాళ్ల అలెన్ ఫీల్డ్‌హౌస్ 1955లో కట్టింది, పదిహేను వేల మందికి పైగా పడతారు. ఈ ఆటని 1891లో కనిపెట్టిన జేమ్స్ నాయ్‌స్మిత్ ఆ కాలేజీకి మొట్టమొదటి కోచ్. ఆట పుట్టించిన ఆ మనిషి రికార్డు 55 గెలుపులు, 60 ఓటములు. ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయన ఒక్కడే. 2023-24లోనూ, 2024-25లోనూ ఏపీ జాబితాలో కాన్సస్ మొదటి స్థానంతో మొదలైంది. మావాడు రెండుసార్లూ ఫోన్ చేసి "పిన్నీ, ఈసారి రాసిపెట్టుకో, మాదే" అన్నాడు. మొదటి ఏడాది రెండో రౌండులో గొంజాగా 89-68తో ఇంటికి పంపింది. రెండో ఏడాది 21 గెలుపులు, 13 ఓటములతో ముగిసింది, చివరి మ్యాచు మొదటి రౌండులోనే ఆర్కన్సా చేతిలో 79-72. బిల్ సెల్ఫ్ అప్పటికే రెండు జాతీయ కప్పులు గెలిచిన కోచ్. ఆ కాలేజీలో ఆయన స్థానాన్ని కదిపేవాళ్లు లేరు. అయినా మావాడి గొంతులో ఆయన మీద పట్టరాని కోపం. ఒక్క రౌండు గెలిచిన కోచ్‌ని పూలదండలతో ఊరేగించే కాలేజీలు అక్కడ వందల్లో ఉన్నాయి. అక్టోబరులో మొదటి స్థానం ఇచ్చి మార్చిలో అదే కొలబద్దతో కొడితే ఏ కోచ్ నిలబడతాడు?

నార్త్ కరొలైనాది ఇంకా పెద్ద పాఠం. 2022 మార్చిలో ఎనిమిదో సీడ్‌గా వచ్చి ఫైనల్ దాకా పోయింది. ఫైనల్లో అదే కాన్సస్ మీద సగం ఆట అయ్యేసరికి పదిహేను పాయింట్ల ఆధిక్యం, చివరికి 72-69తో ఓటమి. మొదటి అయిదుగురిలో నలుగురు తిరిగొచ్చారు. అందరూ ఆ మూడు వారాలే గుర్తుపెట్టుకున్నారు, 2022-23కి ఏపీ మొదటి స్థానం ఇచ్చేశారు. ఆ జట్టు 20-13తో ముగించి అసలు టోర్నమెంటులోకే రాలేదు. 1985లో పోటీని 64 జట్లకి పెంచాక మొదటి స్థానంతో మొదలై టోర్నమెంటుకి దూరమైన జట్టు అంతకుముందు లేదు. అదే ఏడాది ఏపీ తొలి జాబితాలో పాతికలో కూడా లేని యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ), డాన్ హర్లీ కోచింగ్‌లో కప్పు గెలిచింది. ఎనిమిదో సీడ్‌గా రావడానికి ముందు నార్త్ కరొలైనా నాలుగు నెలలు ఎట్టా ఆడిందన్నది కెన్‌పామ్ పాత పేజీల్లో మ్యాచు మ్యాచుకీ ఉంటుంది. మార్చి మెరుపులు ఆ మొత్తంలో ఒక భాగం. సీజన్ ముందు అంచనా చదివేవాళ్లు ఆ పాత పేజీకి ఒకసారి పోయి రావాలి, నేను చందా కట్టేది ముఖ్యంగా ఈ పనికే.

కోచ్‌ల విషయంలో నాకు బాగా ఉపయోగపడేవి రెండు. ఒకటి, కోచ్ పేరు నొక్కితే ఆయన ఏ కాలేజీలో ఏ ఏడాది ఎంత పైకి తెచ్చాడో వరసగా కనబడుతుంది. డస్టీ మే ఫ్లోరిడా అట్లాంటిక్ అనే పెద్దగా పేరు లేని కాలేజీని 2023లో చివరి నాలుగు జట్లలోకి తెచ్చాడు. 2024లో మిషిగన్‌కి వెళ్లాడు. ఆయన వెళ్లేముందు ఏడాది మిషిగన్ 8 గెలిచి 24 ఓడింది. మొదటి ఏడాదే 27-10 చేసి బిగ్ టెన్ అనే వాళ్ల లీగు టోర్నమెంటు గెలిపించాడు. జట్టుని దాదాపు కొత్తగా కట్టుకున్నాడు, తన పాత కాలేజీ నుంచి పెద్ద సెంటర్‌ని కూడా వెంట తెచ్చుకున్నాడు. కాలేజీ పాత చరిత్రకి బరువిచ్చే ఏ లెక్కకైనా ఇటువంటి మార్పు ముందే పట్టుకోవడం కష్టం. అందుకని కోచ్ మారిన జట్టు దగ్గర పట్టికలోని నంబరుని ఒక్కదాన్నే నమ్మకుండా, కోచ్ పేజీ తీసి పక్కన పెట్టుకుంటాను. రెండోది, పోయినేటి ఆటగాళ్లే ఈ ఏడాది ఎంత శాతం నిమిషాలు ఆడుతున్నారో చూపించే నిలువు వరస. ఆటగాళ్లు కాలేజీలు మారడం ఇప్పుడు అక్కడ మామూలైపోయింది, 2021 నుంచి తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవడం కూడా. కోచ్‌కి ప్రతి అక్టోబరూ కొత్త సంసారమే. 2024 అక్టోబరులో సీజన్ మొదలవడానికి మూడు వారాలు కూడా లేవనగా టోనీ బెనెట్ రిటైర్మెంటు ప్రకటించాడు, ఈ కొత్త వాతావరణానికి తాను సరిపోనని చెప్పి. వర్జీనియా ఆ ఏడాది 15-17. ఏ కంప్యూటరు అంచనా వేస్తుంది ఆ నిర్ణయాన్ని?

లోటుపాట్లు చెప్పకపోతే సమీక్ష కాదు. దెబ్బలు తగిలినవాళ్లని ఈ లెక్క పట్టించుకోదు. మెయిన్ గార్డు మోకాలు పోగొట్టుకుని మంచం మీదున్నా పట్టిక నెమ్మదిగానే దిగుతుంది, వార్తలు మనమే చదువుకోవాలి. అంతకన్నా నాకు పెద్ద లోటు, ఇందులో ఆడపిల్లల జట్లు లేవు. నేను నేర్పేది ఆడపిల్లలకి. వాళ్ల కోసం హర్ హూప్ స్టాట్స్ అని వేరే సైటుంది, దానికీ చందానే. బార్ట్ టార్విక్ అనే ఆయన సైటు పూర్తిగా ఉచితం, మహిళల జట్ల లెక్కలు కూడా ఇస్తాడు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఎట్టా ఆడారో విడదీసి చూడొచ్చు. చందా కట్టే స్తోమత లేని విద్యార్థులు నిస్సందేహంగా అక్కడికి పోవచ్చు.

ఆడపిల్లల ఆట మాటొచ్చింది కాబట్టి సౌత్ కరొలైనా సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. 2022-23లో 36 మ్యాచులు వరసగా గెలిచి సెమీఫైనల్లో అయోవా చేతిలో ఓడారు. మొదటి అయిదుగురూ వెళ్లిపోయారు. అయిదుగురికి అయిదుగురూ! 2023-24కి ఏపీ ఆరో స్థానం ఇచ్చింది, మొదటి స్థానం ఎల్ఎస్‌యూకి. కోచ్ డాన్ స్టేలీ ఆ కొత్త జట్టుతో 38 మ్యాచులూ గెలిచి, ఫైనల్లో అదే అయోవాని 87-75తో ఓడించింది. పోయినేడు బెంచి మీద కూర్చున్న పిల్లలు ఊరికే కూర్చోలేదు, ఆడారు. ఆమె జట్టులో రెండో వరస పిల్లలకి మంచి నిమిషాలు దొరికేవి. మా స్టాఫ్‌రూములో ఎవరైనా "సీనియర్లు పోయారు, ఇక ఈ ఏడాది మన పని అయిపోయినట్టే" అంటే నేను చెప్పేది ఈమె పేరే.

ఈ లెక్కలు మా కోర్టుకి ఎట్టా వచ్చాయో చెబుతాను, పీడీలకి పనికొస్తుంది. మా అంతర కళాశాలల పోటీలు పడేది వానల రోజుల్లో. నెల్లూరుకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మాది ఆరుబయట సిమెంటు కోర్టు. తూర్పు పక్క రింగు కింద పల్లం, రాత్రి కురిస్తే పొద్దున అక్కడ చీలమండల దాకా నీళ్లు. పిల్లలు వైపర్లతో తోసి, గోనెసంచులు పరిచి ఆరబెట్టేసరికి ఎండొస్తుంది, క్లాసులకి బెల్లు కొడతారు. ప్రాక్టీసు దొరికేది తక్కువ కాబట్టి దేని మీద పని చేయాలో ముందే తేల్చుకోవాలి.

అందుకే సీజన్ ముందు పాత స్కోర్‌షీట్ల జిరాక్సులు ముందేసుకుని రెండు లెక్కలు తీస్తాను. మొదటిది నిమిషాల లెక్క. అయిదుగురు నలభై నిమిషాలు ఆడితే మ్యాచుకి 200 నిమిషాలు. అందులో ఈ ఏడాది మిగిలిన పిల్లలు ఆడినవి 90 అయితే, మనకి మిగిలింది 45 శాతం జట్టు. డిగ్రీ కాలేజీలో ప్రతి ఏడాదీ ఫైనలియర్ పిల్లలు వెళ్లిపోతారు, అది మన చేతిలో లేదు. కానీ ఈ కాగితం ప్రిన్సిపాల్ గారి ముందు జూన్‌లోనే పెడితే, "పోయినేడు ఫైనల్ దాకా పోయారు, ఈసారి కప్పు తేవాలి" అనే మాట "ఈ ఏడాది సెమీస్ చేరితే మంచి పనే" అన్నదాకా వస్తుంది. చిన్న పోటీలో కూడా కోచ్‌కి ఊపిరాడేది అంచనా సరిగ్గా కుదిరినప్పుడే. పిల్లలకీ అంతే. "యాడ దాకా పోతాం మేడం?" అని అడిగితే ఇప్పుడు నా దగ్గర ఒక జవాబుంటుంది, అది వాళ్లని భయపెట్టదు, ఉబ్బేయదు.

రెండోది టర్నోవర్ల లెక్క. ఎన్ని అని ఊరికే రాసుకోకుండా, కోర్టు బొమ్మ గీసి ఎక్కడ పోయిందో అక్కడ ఎర్ర పెన్నుతో చుక్క పెట్టిస్తాను. బెంచి మీద కూర్చున్న పిల్లల్లో ఒకరికి ఆ పని. ఒకసారి ఆ బొమ్మ చూస్తే చుక్కలన్నీ ఒకే చోట గుంపుగా పడున్నాయి: సగం గీత దాటగానే, కుడి పక్క సైడ్‌లైను దగ్గర. ఎనిమిది సెకన్లలో గీత దాటాలన్న తొందరలో మా పాయింట్ గార్డు, కోవూరు నుంచి బస్సులో వచ్చే పిల్ల, తన చెయ్యి వాటం కొద్దీ ప్రతిసారీ కుడి పక్కకే తీసుకుపోతోంది. అవతలివాళ్లు ఇద్దరొచ్చి గీతకి అదిమిపెడుతున్నారు, ఆ గీత మూడో డిఫెండరు లాంటిది. అక్కణ్ణించి ఎగరేసిన పాసు వాళ్ల చేతిలోకే. షూటింగ్ ప్రాక్టీసు పక్కన పెట్టి, పొడిగా ఉన్న పడమటి సగంలో ఇదొక్కటే చేయించాను. సెంటర్ ఆడే పిల్ల పైకి పరుగెత్తుకొచ్చి మధ్య వృత్తం దగ్గర చేతులు చాచి నిలబడాలి, గార్డు ఎడమ చేత్తో డ్రిబుల్ చేసుకుంటూ మధ్యలోంచే రావాలి, ఇద్దరు మీదకొచ్చేలోపు బంతి సెంటర్ చేతిలో పడాలి. ఆ పిల్ల మొదట్లో ఎడమ చెయ్యంటే ఏడుపు మొహం పెట్టేది. తర్వాత ఆ ఎర్ర చుక్కల కాగితం తనే అడిగి తీసుకుని హాస్టల్ పిల్లలకి చూపించింది.

అమెరికా జట్టు ఏదో గెలుస్తుందో లేదో తెలుసుకోవడానికే అయితే కెన్‌పామ్ మొదటి పేజీ చాలు, చందా వద్దు. పందేల కోసం అయితే అసలు దాని జోలికే పోకండి. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు చట్టవిరుద్ధం, పైగా ఆ సైటు దానికి పుట్టింది కాదు. జట్టుని నడిపేవాళ్లూ, స్పోర్ట్స్ కోటాలో సీటు తెచ్చుకుని ఆటని చదువులా చదవాలనుకునే పిల్లలూ, ఎమ్మెస్‌కి వెళ్లి అక్కడి స్టేడియంలో కూర్చోబోతున్నవాళ్లూ కట్టండి. బీపీఈడీ చేస్తున్నవాళ్లు నలుగురు కలిసి టార్విక్ ఉచిత సైటుతో మొదలుపెట్టి, ఒక పాత సీజన్ తీసుకుని అక్టోబరు అంచనా, మార్చి ఫలితం పక్కపక్కన రాసుకుంటే ఆ తర్వాత చందా అవసరమో కాదో మీకే తెలిసిపోతుంది.

కడితే అక్టోబరు చివర్లో కట్టండి. అప్పటికి కొత్త అంచనాలు వచ్చేసి ఉంటాయి, నవంబరు మొదటి వారంలో ఆటలు మొదలయ్యేలోపు మీకు నచ్చిన నాలుగు జట్ల పేజీలు నింపాదిగా చదువుకోవచ్చు. వాటిలో ఒకటి కోచ్ మారిన జట్టయితే ఇంకా మంచిది. ఆ పేజీలు ఒక కాపీ తీసి దాచుకోండి, ఎందుకంటే మ్యాచులు మొదలయ్యాక పట్టిక రోజూ మారిపోతుంది, అక్టోబరు నాటి నంబరు మీ దగ్గరుంటే జనవరిలో కోచ్ ఎంత పని చేశాడో తేలిగ్గా కొలవగలరు.